శాస్త్రానికి శరీరమిచ్చిన హాల్డేన్

భువనేశ్వరం నుండి కాకినాడ వైపు వచ్చే రైలుమార్గం ఇచ్ఛాపురం వద్ద ఆంధ్రదేశంలో ప్రవేశిస్తుంది. జీడితోటలకు పేరుగన్న పలాస, ఆ పిమ్మట టెక్కలి ప్రాంతం, దానికి చేరువలో ఎండల మల్లికార్జునుడు ఆకాశమే కప్పుగా వెలసిన రావివలస, సముద్రం వైపున ఉద్దానం కొబ్బరితోటలు ఈ దారికి అటూ ఇటూ కనిపించే సీమలు. ఈ దారికి ఉత్తరపు కొసన ఉన్న భువనేశ్వరంలో 1964 డిసెంబరు 1వ తేదీన ఒక వృద్ధ శాస్త్రవేత్త కన్నుమూశాడు. దక్షిణపు కొసన ఉన్న కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు ఆయన భౌతికకాయం చేరింది. తన మరణానంతరం శరీరం దహనానికో ఖననానికో గాక విద్యార్థుల అధ్యయనానికి ఉపయోగపడాలని ఆయన ముందే వీలునామా రాసి ఉంచాడు. ఇంగ్లండులో పుట్టి, భారత పౌరుడై, ఆంధ్ర విద్యార్థులకు తన దేహాన్నే పాఠ్యగ్రంథంగా అప్పగించిన ఆ మహనీయుడు జె.బి.ఎస్. హాల్డేన్.

తల్లిదండ్రుల పోలికలు బిడ్డలకు ఎట్లా సంక్రమిస్తాయన్నది మానవుణ్ణి అనాదిగా వేధించిన ప్రశ్న. ఒకరికి నల్లని కన్నులు, మరొకరికి పిల్లికన్నులు ఎందుకు వస్తాయి? ఒకే తల్లికడుపున పుట్టిన వారిలో ఒకడు రంగులు గుర్తించగలిగి, మరొకడు గుర్తించలేకపోవడానికి కారణమేమిటి? పూర్వులు దీనిని విధిలిఖితమన్నారు. ఇరవయ్యవ శతాబ్దపు జన్యుశాస్త్రవేత్తలు ఆ లిపిని చదవడానికి పూనుకున్నారు. వారు మొదట చదవగలిగిన అక్షరాలలో కొన్ని ఒక చిన్న ఈగ కంటిలో దొరికాయి. ఆ లిపికి గణితమనే వ్యాకరణాన్ని సమకూర్చిన వారిలో హాల్డేన్ అగ్రగణ్యుడు.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డులో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై పరిశోధనలు చేసి ప్రసిద్ధి పొందిన శరీరధర్మ శాస్త్రవేత్త. తల్లి లూయిసా కాథ్లీన్. చెల్లెలు నయోమి తరువాతి కాలంలో నవలా రచయిత్రిగా పేరు గడించింది. బొగ్గుగనులలోని విషవాయువుల వల్ల కార్మికులు ఎట్లా మరణిస్తున్నారో తెలుసుకొనడానికి తండ్రి స్వయంగా గనులలోకి దిగేవాడు. ఆ వాయువులను తానే పీల్చి, వాటి ప్రభావాన్ని తన శరీరంపైనే పరీక్షించుకొనేవాడు. ఇతరులను అపాయంలోకి నెట్టడానికి ముందు ఆ అపాయాన్ని తాను అనుభవించి చూడాలన్న నియమం కుమారునికి తండ్రి నుండి అబ్బింది.

బాలుడైన హాల్డేన్‌ను తండ్రి ఒకమారు గనిలోకి తీసుకొనిపోయాడు. పైకప్పు కింద మీథేను వాయువు పేరుకొనిన ఒక చోట అతనిని నిలబెట్టి, షేక్స్‌పియరు నాటకంలోని మార్క్ ఆంటొనీ ప్రసంగాన్ని వల్లించమన్నాడు. కొన్ని పంక్తులు చదివేసరికి బాలునికి ఊపిరి అందక కాళ్లు తడబడి నేలకు ఒరిగాడు. నేల దగ్గర గాలి శుభ్రంగా ఉండటంతో వెంటనే తేరుకున్నాడు. మీథేను గాలి కంటె తేలికైనదన్న పాఠం ఆ విధంగా అతనికి పుస్తకం అవసరం లేకుండానే బోధపడింది.

బఠాణీ మొక్కలపై మెండెల్ చేసిన ప్రయోగాల ఫలితాలు 1866లో వెలువడినా లోకం వాటిని విస్మరించింది. 1900లో అవి తిరిగి వెలుగులోకి వచ్చాయి. ఆ కొత్త సిద్ధాంతంపై జరిగిన ఒక ఉపన్యాసాన్ని హాల్డేన్ బాల్యంలోనే తండ్రి వెంట వెళ్లి విన్నాడు. కొన్ని ఏండ్ల తరువాత చెల్లెలు నయోమి పెంచుకొనే గినీపందులు అన్నాచెల్లెళ్లకు ప్రయోగశాల అయ్యాయి. ఏ రంగు తల్లిదండ్రులకు ఏ రంగు పిల్లలు ఎన్ని పుట్టాయో వారిద్దరూ లెక్క రాసి ఉంచేవారు. క్రమంగా వారి దృష్టి ఎలుకల వైపు మళ్లింది.

అదే కాలంలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ పండ్ల ఈగలను సీసాలలో పెంచుతుండేవాడు. మాగిన అరటిపండుపై ముసిరే ఈ చిన్న ఈగకు శాస్త్రీయనామం డ్రోసోఫిలా. ఇది సుమారు 10 దినాలలో ఒక తరాన్ని పూర్తిచేస్తుంది. దీని కణాలలో నాలుగు జతల క్రోమోజోములు మాత్రమే ఉంటాయి. వంశపారంపర్యాన్ని పరిశీలించడానికి ఇంతకంటె అనుకూలమైన ప్రాణి అరుదు. సాధారణంగా ఈ ఈగ కన్నులు ఎర్రగా ఉంటాయి. 1910లో మోర్గాన్‌కు తెల్లని కన్నులు గల ఒక మగ ఈగ కనిపించింది. దానిని ఎర్రకన్నుల ఆడ ఈగతో సంకరపరచగా తొలి తరం పిల్లలు దాదాపు అన్నీ ఎర్రకన్నులతోనే పుట్టాయి. వాటి సంతతిలో తెల్లకన్నులు మళ్లీ కనిపించాయి. అయితే అవన్నీ మగ ఈగలే. తెల్లకంటి లక్షణం లింగనిర్ణయం చేసే ఎక్స్ క్రోమోజోముపై ఉన్నదని మోర్గాన్ దీనివల్ల గ్రహించాడు. జన్యువు అనేది ఊహామాత్రం కాదనీ, దానికి కణంలో ఒక నియత స్థానం ఉన్నదనీ ఆ ఈగ కన్ను నిరూపించింది.

రెండు జన్యువులు ఒకే క్రోమోజోముపై దగ్గరదగ్గరగా ఉంటే అవి తరచుగా కలసియే తరువాతి తరానికి చేరుతాయి. దీనిని సహలగ్నత అంటారు. ఒకే బండిలో ఎక్కిన ఇద్దరు ప్రయాణికులు ఒకే ఊరిలో దిగడం వంటిదిది. ఈగలలో కనిపించిన ఈ ధర్మం క్షీరదాలలో కూడా ఉన్నదా అన్నది అప్పటికి తేలలేదు. హాల్డేన్, నయోమి, వారి మిత్రుడు స్ప్రంట్ కలసి ఎలుకలను పరిశీలించారు. ఒక జన్యువు ఎలుక కన్నును గులాబిరంగుకు మారుస్తుంది. మరొకటి దేహమంతటినీ తెల్లబరుస్తుంది. ఈ రెండూ కలసి సంక్రమిస్తున్నాయని వారు కనుగొన్నారు. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం ముంచుకొని వచ్చింది. హాల్డేన్ సైన్యంలో అధికారిగా చేరి ఫ్రాన్సుకు వెళ్లాడు. స్ప్రంట్ యుద్ధంలో మరణించాడు. ఆ పరిశోధన వ్యాసం 1915లో ముగ్గురి పేర్లతో వెలువడింది. క్షీరదాలలో సహలగ్నతను నిరూపించిన తొలి రచన అది. ఈగ కన్ను చెప్పిన నియమాన్ని ఎలుక కన్ను కూడా చెప్పింది.

యుద్ధంలో హాల్డేన్ రెండుమార్లు గాయపడ్డాడు. రెండవమారు మెసపొటేమియాలో గాయపడినపుడు చికిత్సకై భారతదేశానికి వచ్చి కొంతకాలం ఉన్నాడు. ఆంగ్లేయునిగా తనకు లభించే ప్రత్యేక మర్యాద ఆయనకు రుచించలేదు. భారతీయులతో సమానునిగా మెలగగల రోజు వచ్చినపుడే ఈ దేశానికి తిరిగి రావాలని అప్పుడే సంకల్పించుకున్నాడు. ఆ సంకల్పం నెరవేరడానికి సుమారు 40 ఏండ్లు పట్టింది.

విశేషమేమంటే హాల్డేన్‌కు విజ్ఞానశాస్త్రంలో పట్టా లేదు. ఆక్స్‌ఫర్డులో ఆయన గణితంతో ప్రారంభించి, గ్రీకు లాటిన్ సాహిత్యాలలోను, తత్త్వశాస్త్రంలోను 1914లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. ప్రాచీన సాహిత్యం ఆయనకు భాషపై పట్టునిచ్చింది. గణితం ఆలోచనకు క్రమశిక్షణనిచ్చింది. ఈ రెండింటి కలయిక వల్ల ఆయన ఎంతటి క్లిష్ట విషయాన్నైనా సామాన్యునికి అర్థమయ్యేటట్లు రాయగలిగాడు. కార్మికుల పత్రికలో సైన్సు వ్యాసాలు వందలకొలది రాశాడు. బాలల కోసం కథల పుస్తకాన్ని కూడా 1937లో ప్రచురించాడు.

1919లో ఆయన జన్యువుల మధ్య దూరాన్ని గణించే సూత్రాన్ని రూపొందించాడు. ఈగలలో రెండు లక్షణాలు ఎన్నిమార్లు విడిపోయాయో లెక్కించి, వాటి జన్యువులు క్రోమోజోముపై ఎంత ఎడంగా ఉన్నాయో అంచనా వేయడానికి ఇది సాధనమైంది. ఈనాటికీ ఆ సూత్రం ఆయన పేరుతోనే వ్యవహరింపబడుతున్నది. 1923లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్ర ఆచార్యపీఠానికి అనుబంధంగా రీడరు పదవిని చేపట్టాడు. 1924లో మొదలుపెట్టి పదేండ్లపాటు ప్రకృతివరణాన్ని గణితసూత్రాలలో నిబంధిస్తూ వరుసగా వ్యాసాలు ప్రకటించాడు. ఫిషర్, సీవాల్ రైట్, హాల్డేన్ అనే ముగ్గురి కృషి వల్ల డార్విన్ పరిణామవాదానికీ, మెండెల్ అనువంశిక సూత్రాలకూ మధ్య పొత్తు కుదిరింది.

ఆ కాలంలోనే ఆయన తన శరీరంపై అనేక ప్రయోగాలు చేసుకున్నాడు. రక్తంలో ఆమ్లత పెరిగితే శ్వాసలో ఏ మార్పు వస్తుందో తెలుసుకొనడానికి అమ్మోనియం క్లోరైడును నీటిలో కలిపి తాగాడు. మూసిన గదిలో బొగ్గుపులుసు వాయువును పీల్చి తన బాధను తానే నమోదు చేసుకున్నాడు. కుందేలుకు గాని, ఎలుకకు గాని తన అనుభవాన్ని చెప్పే నోరు లేదు. మనిషి చెప్పగలడు. ఆ మనిషి తానే కావడం న్యాయమన్నది ఆయన ఆచరణలో కనిపించే నీతి.

జన్యువు కణంలో ఎక్కడ ఉన్నదో తెలిసిన తరువాత, అది ఏమి చేస్తుందన్న ప్రశ్న మిగిలింది. జన్యువులు రసాయనిక చర్యలను నడిపించడం ద్వారా పని చేస్తాయన్న అభిప్రాయాన్ని హాల్డేన్ గట్టిగా సమర్థించాడు. జాన్ ఇన్నెస్ ఉద్యాన పరిశోధన సంస్థలో పూలరంగుల జన్యువులపై జరిగిన పరిశోధనలను ఆయన ప్రోత్సహించాడు. ఈ అభిప్రాయానికి మరల ఈగ కన్నే బలమిచ్చింది. 1935లో పారిస్‌లో బోరిస్ ఎఫ్రుస్సీ, జార్జ్ బీడిల్ అనే శాస్త్రవేత్తలు ఒక ఈగ లార్వాలో కన్నుగా మారనున్న లేత కణజాలాన్ని తీసి మరొక లార్వా దేహంలో అమర్చారు. ఎదిగిన ఈగ పొట్టలో అది కన్నుగా తయారైంది. కంటిరంగు లోపం గల కొన్ని ఈగల కణజాలం సాధారణ ఈగ దేహంలో పెరిగినపుడు సహజమైన రంగును పొందింది. కొరవడిన రసాయన పదార్థం ఆతిథేయి దేహం నుండి అందిందన్న మాట. ఒక జన్యువు చెడితే రసాయనిక చర్యల గొలుసులో ఒక లంకె తెగుతుందని ఈ ప్రయోగం సూచించింది.

1933లో హాల్డేన్ లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్ర ఆచార్యుడయ్యాడు. అంతకు ముందటి సంవత్సరమే రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనను వరించింది. లండన్‌లో ఆయన మానవ అనువంశికతపై దృష్టి నిలిపాడు. మనుషులను ఈగలవలె సీసాలలో పెంచి సంకరపరచడం సాధ్యం కాదు, తగదు కూడా. కనుక ఆయన కుటుంబాల వంశవృక్షాలను ఆశ్రయించాడు. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధికి కారణమైన ఉత్పరివర్తనం ఎంత అరుదుగా జరుగుతుందో 1935లో లెక్కగట్టాడు. ఒక తరంలో సుమారు 50,000కు ఒకమారు అని ఆయన అంచనా. మానవ జన్యువులో ఉత్పరివర్తన రేటును గణించిన తొలి ప్రయత్నాలలో ఇది ముఖ్యమైనది.

1937లో జూలియా బెల్ అనే వైద్యురాలితో కలసి ఆయన మరొక గొప్ప విషయాన్ని వెల్లడించాడు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల భేదాన్ని కన్ను గుర్తించలేని వర్ణాంధత ప్రధానంగా పురుషులలో కనిపిస్తుంది. హీమోఫీలియా కూడా అట్టిదే. ఈ రెండింటి జన్యువులూ ఎక్స్ క్రోమోజోముపై ఒకదానికొకటి సమీపంలో ఉన్నాయని వంశవృక్షాల ఆధారంగా వారు నిరూపించారు. మానవునిలో సహలగ్నతను నిర్ధారించిన తొలి పరిశోధన ఇది. మోర్గాన్ తెల్లకన్నుల ఈగలో చూసిన నియమమే ఇప్పుడు రంగులెరుగని మనిషి కంటిలో కనిపించింది. మానవ క్రోమోజోములపై జన్యువుల స్థానాలను గుర్తించే మహాప్రయత్నానికి ఇది తొలి అడుగు.

ఈగ, ఎలుక, మనిషి వేరువేరు ప్రాణులైనా వాటి అనువంశిక లిపి మూలంలో ఒకటే కావచ్చునన్న ఆలోచన హాల్డేన్‌కు ముందునుండి ఉన్నది. ఎలుకలు, కుందేళ్లు, పిల్లులు మొదలైన జంతువులలో రంగును నిర్ణయించే జన్యువులు ఒకదానికొకటి సరిపోలుతున్నాయని 1927లోనే ఒక వ్యాసంలో వివరించాడు. ఆ ఆలోచన ఎంత దూరదృష్టి గలదో ఆయన మరణించిన 30 ఏండ్లకు తేటతెల్లమయింది.

హాల్డేన్ జీవితంలో ప్రజాసేవకూ పరిశోధనకూ ఎడం లేదు. 1939లో థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి సముద్రంలో మునిగి 99 మంది మరణించారు. వారి మరణకారణాన్ని తెలుసుకొనడానికి ఆయన అటువంటి వాతావరణం గల ఉక్కుగదిలో స్వయంగా కూర్చున్నాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అధిక పీడనం, అతిశీతలం, ప్రాణవాయువు ప్రభావాలను తనపైనే పరీక్షించుకున్నాడు. ఆ ప్రయోగాలలో ఒకమారు మూర్ఛ వచ్చి వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. ఆ నొప్పి జీవితాంతం ఆయనను విడువలేదు.

ఇంతటి శాస్త్రవేత్తకు కూడా లోపం లేకపోలేదు. ఆయన కమ్యూనిస్టు సిద్ధాంతాన్ని నమ్మి 1942లో ఆ పార్టీలో చేరాడు. సోవియట్ దేశంలో లైసెంకో అనే వ్యక్తి జన్యువులే లేవని ప్రచారం చేసి, అధికారబలంతో జన్యుశాస్త్రాన్ని అణచివేశాడు. హాల్డేన్‌ను 1928లో ఆ దేశానికి ఆహ్వానించిన మహాశాస్త్రవేత్త వావిలోవ్ 1943లో చెరసాలలో మరణించాడు. ఈ అన్యాయాన్ని హాల్డేన్ చాలాకాలం స్పష్టంగా ఖండించలేకపోయాడు. సత్యానికీ, తాను నమ్మిన పక్షానికీ మధ్య ఆయన మనస్సు నలిగింది. చివరకు 1950 ప్రాంతంలో పార్టీకి దూరమయ్యాడు. తన శరీరాన్ని నిర్భయంగా పరీక్షించుకున్న వానికి కూడా తన విశ్వాసాన్ని పరీక్షించుకొనడం కష్టమైనదని ఈ ఘట్టం తెలుపుతుంది.

1949లో హాల్డేన్ మరొక ముఖ్యమైన ఊహను ప్రతిపాదించాడు. కొన్ని వంశపారంపర్య రక్తవ్యాధులు మలేరియా ప్రాంతాలలో అధికంగా ఎందుకు ఉన్నాయి? ఆ జన్యువు ఒక ప్రతి మాత్రమే గలవారికి మలేరియా నుండి రక్షణ లభించి ఉండవచ్చునని ఆయన భావించాడు. కొడవలి కణవ్యాధి విషయంలో ఈ సంగతిని 1954లో ఆలిసన్ పరిశోధన సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ మన్యప్రాంతాల గిరిజనులలో ఈ వ్యాధి నేటికీ ఉన్నది కనుక ఈ ఊహ మనకు దూరమైనది కాదు.

1956లో బ్రిటన్ సూయజ్ కాలువ విషయమై ఈజిప్టుపై దాడి చేసింది. దానిని నిరసించిన హాల్డేన్ 1957లో స్వదేశాన్ని విడిచి, భార్య హెలెన్ స్పర్వేతో కలసి భారతదేశానికి వచ్చాడు. ఆమె కూడా జన్యుశాస్త్రవేత్త. పండ్ల ఈగలలో ఒక జాతిపై ప్రసిద్ధమైన పరిశోధన చేసింది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానంపై హాల్డేన్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. కుర్తా పైజమా ధరించి, మాంసాహారం విడిచి, భారతీయ ఇతిహాసాలనూ దర్శనాలనూ చదివాడు. పిమ్మట భారత పౌరసత్వం స్వీకరించాడు. యౌవనంలో చేసుకున్న సంకల్పం అట్లా ఫలించింది.

విలువైన యంత్రాలు లేనిదే విజ్ఞానశాస్త్రం సాగదన్న అపోహ అప్పటి భారతీయ విద్యార్థులలో బలంగా ఉండేది. హాల్డేన్ దానిని తన బోధనతో తొలగించాడు. చూసే కన్ను, లెక్కించే ఓపిక, అనుమానించే బుద్ధి ఉంటే పొలమూ తోటా కూడా ప్రయోగశాలలేనని శిష్యులకు చూపాడు. ప్రాణులను చంపకుండా వాటి జీవితాన్ని పరిశీలించే పద్ధతులను ప్రోత్సహించాడు. జయకర్ అనే శిష్యుడు చితవ పక్షి గూటిని రోజుల తరబడి పరిశీలించాడు. డేవిస్ అనే వృక్షశాస్త్రవేత్త కొబ్బరిచెట్లను ఎంచుకున్నాడు. కొబ్బరిమట్టలు కాండం చుట్టూ కొన్ని చెట్లలో ఎడమవైపుగా, కొన్నింటిలో కుడివైపుగా మెలితిరిగి అమరి ఉంటాయి. ఈ అమరిక తల్లిచెట్టు నుండి పిల్లచెట్టుకు సంక్రమించదని డేవిస్ వేలకొలది చెట్లను లెక్కించి చెప్పాడు. ఎడమ మెలిక చెట్లు కొంత ఎక్కువ కాపు కాస్తాయని కూడా ఆయన గమనించాడు. ఉద్దానంలో కొబ్బరి నీడన పెరిగే ఏ విద్యార్థి అయినా చేయదగిన లెక్క ఇది.

హాల్డేన్ శిష్యులలో తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు. ఆయన 1937లో పిఠాపురంలో జన్మించాడు. హాల్డేన్ కలకత్తాకు వచ్చిన తొలిదశలోనే ఆయన చెంత చేరాడు. లాంటానా పొదలపై వివిధ రంగుల పూలను ఏ సీతాకోకచిలుకలు ఎన్నిమార్లు దర్శిస్తున్నాయో లెక్కించడం కృష్ణారావు తొలి పరిశోధనలలో ఒకటి. పురుషుల చెవి అంచుపై మొలిచే రోమాలు తండ్రి నుండి కొడుకుకు మాత్రమే సంక్రమిస్తాయా అన్న ప్రశ్నను ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలలో పరిశీలించాడు. వై క్రోమోజోముపై ఆ జన్యువు ఉన్నదని నాడు భావించారు. 2004లో దక్షిణ భారతీయులపై జరిగిన డి.ఎన్.ఎ. పరిశోధన ఆ భావనను బలపరచలేదు. ఒక తరం వేసిన లెక్కను మరొక తరం సరిదిద్దడం శాస్త్రానికి అవమానం కాదు, అదియే దాని మార్గం.

వీటన్నింటికంటె మన సమాజానికి సన్నిహితమైనది రక్తసంబంధ వివాహాలపై జరిగిన పరిశోధన. మేనమామకు మేనకోడలిని ఇవ్వడం, మేనరికం చేసుకొనడం తెలుగునాట తరతరాల ఆచారం. ఆస్తి చెదరదని, తెలిసిన ఇల్లు అని, ఆడపిల్ల కంటి ముందే ఉంటుందని పెద్దలు దానిని ఇష్టపడ్డారు. దగ్గరి బంధువుల వివాహాల ఫలితాలను గణించే పద్ధతిపై హాల్డేన్ 1939లోనే వ్యాసం రాశాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వివాహాల సంఖ్యపై, వాటి ప్రభావాలపై కృష్ణారావు, మీరాఖాన్‌లు 1960 తరువాత పరిశోధన వ్యాసాలు ప్రకటించారు.

ఈ లెక్కను విద్యార్థులు సులభంగా గ్రహించవచ్చు. మేనరికపు దంపతుల బిడ్డకు ఏ జన్యువులోనైనా ఒకే పూర్వీకుని ప్రతి ఇరువైపుల నుండీ చేరే అవకాశం 16లో 1 వంతు. మేనమామ, మేనకోడలు దంపతులైతే అది 8లో 1 వంతు. లోపం గల జన్యువు వందలో ఒకటిగా ఉన్న సమాజాన్ని ఊహించుకుందాం. ఆ జన్యువు రెండు ప్రతులూ చేరిన బిడ్డకే వ్యాధి వస్తుందనుకుందాం. బంధుత్వం లేని దంపతులకు పుట్టే 10,000 మంది బిడ్డలలో ఒకరికి ఆ వ్యాధి వస్తుంది. మేనరికంలో ఆ సంఖ్య సుమారు 7కు, మేనమామ వివాహంలో సుమారు 13కు పెరుగుతుంది. పుట్టుచెవుడు, కొన్ని రకాల వంశపారంపర్య అంధత్వం ఈ కోవకు చెందినవే. అత్యధిక సంఖ్యాకులైన బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారన్నది కూడా ఈ లెక్క చెప్పే సత్యమే. శాస్త్రం ఆచారాన్ని దూషించదు, భయపెట్టదు. అపాయం ఎంత ఉన్నదో అంతే చెబుతుంది. చూపు లేని బిడ్డను కన్న తల్లిని శాపగ్రస్తురాలని నిందించే లోకానికి ఈ లెక్క తెలియడం ఎంతో అవసరం.

అభిప్రాయభేదాల కారణంగా హాల్డేన్ 1961లో కలకత్తా సంస్థను వీడాడు. ఒడిశా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ ఆహ్వానంపై 1962లో భువనేశ్వరం చేరి, అక్కడ జన్యుశాస్త్ర, జీవగణిత ప్రయోగశాలను నెలకొల్పాడు. అది వేళ్లూనుకొనక ముందే 1963లో ఆయనకు పురీషనాళ క్యాన్సరు సోకినట్లు తెలిసింది. లండన్‌లో శస్త్రచికిత్స జరిగింది. ఆస్పత్రి మంచంపై ఉండి ఆయన తన వ్యాధిపై ఒక హాస్యకవితను రాసి 1964 ఫిబ్రవరిలో ప్రకటించాడు. సిగ్గుతోనో, భయంతోనో వ్యాధిని దాచుకొనక సకాలంలో వైద్యుని ఆశ్రయించాలన్నది ఆ కవిత పరమార్థం. తన సంస్మరణ ప్రసంగాన్ని కూడా తానే బి.బి.సి. కోసం ముందుగా చిత్రీకరింపజేశాడు. భువనేశ్వరానికి తిరిగి వచ్చి, ఓపిక ఉన్నంతవరకు పనిచేసి, ఆ ఏడాది డిసెంబరులో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 72 ఏండ్లు.

వీలునామా ప్రకారం ఆయన దేహం చేరిన రంగరాయ వైద్య కళాశాల 1958లో ప్రారంభమైన విద్యాసంస్థ. మన సమాజంలో అంత్యక్రియలకు ఉన్న ప్రాధాన్యం తెలియనిది కాదు. మృతదేహాన్ని విద్యార్థుల కత్తికి అప్పగించడం ఆనాడు చాలామందికి ఊహకు కూడా అందని విషయం. అయితే శరీరనిర్మాణం తెలియనిదే వైద్యుడు లేడు. బాల్యంలో గనిలోని వాయువును పీల్చిన దేహం, యుద్ధంలో గాయపడిన దేహం, ఉక్కుగదిలో వెన్ను విరిగిన దేహం చివరకు గోదావరీతీర విద్యార్థులకు శరీరశాస్త్రం బోధించింది.

హాల్డేన్ ఊహించిన జీవరాశి ఏకత్వం 1995లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో కన్నుల యెదుట సాక్షాత్కరించింది. పండ్ల ఈగలో ఒక జన్యువు లోపిస్తే కన్నులు ఏర్పడవని 1915లోనే మోర్గాన్ శిష్యవర్గం గుర్తించింది. వాల్టర్ గెహ్రింగ్ బృందం ఆ జన్యువును ఈగ రెక్కలలో, కాళ్లలో పని చేయించగా అక్కడ కూడా కన్నులు మొలిచాయి. ఒక్కొక్క ఈగ కంటిలో సుమారు 800 సూక్ష్మ నేత్రాంశాలు ఉంటాయి. వాటి నిర్మాణంలో పాల్గొనే వందలాది జన్యువులను మేల్కొలిపే అధికారి ఈ ఒక్క జన్యువు. అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి ఉన్నది. ఎలుకలో దీనికి సరిపోలే జన్యువును ఈగ దేహంలో ప్రవేశపెట్టినపుడు కూడా కన్ను ఏర్పడింది. అది ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే. మనిషిలో ఇదే కోవకు చెందిన జన్యువు దెబ్బతింటే కనుపాప చుట్టూ ఉండే రంగువలయం లేకుండా బిడ్డలు పుడతారు. ఈగ, ఎలుక, మనిషి ఒకే మూలం నుండి చూపును పొందారని దీనివల్ల స్పష్టమయింది.

ఎలుక కంటిరంగుతో తన పరిశోధనను ప్రారంభించిన హాల్డేన్ ఈ ఫలితాన్ని చూడలేదు. చూసి ఉంటే ఆయన ఆశ్చర్యపడడు గాని తప్పక ఆనందించేవాడు. అరటితొక్కపై వాలిన ఈగ, తోటలోని కొబ్బరిచెట్టు, ఇంటిలోని వంశవృక్షం వంటి సామాన్య విషయాలను అసామాన్యమైన ఓపికతో లెక్కించడమే ఆయన మనకు చూపిన దారి. ఆ దారిన నడిచేవాడు పరీక్షకు పెట్టవలసిన వస్తువులలో తనను కూడా చేర్చుకోవాలన్నది ఆయన జీవితం నేర్పే పాఠం.